తడి ఉన్నంతసేపే క్షేమం
శానిటరీవేర్ ఫ్యాక్టరీలో చేయవలసినవి - చేయకూడనివి

శానిటరీవేర్ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్రాడికి పాతవాళ్లు మొదట చెప్పేది బట్టీ గురించే. "అటు పోకురా, కాల్తుంది" అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కమోడ్లు, వాష్‌బేసిన్లు కాల్చే టన్నెల్ కిల్న్ మధ్యభాగంలో వేడి 1,200 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా ఉంటుంది. కానీ నిప్పు తన ఉనికి దాచుకోదు. నాలుగడుగుల దూరంలోనే సెగ కొడుతుంది, మనిషి తనంతట తానే వెనక్కి జరుగుతాడు. సెగ లేకుండా, వాసన లేకుండా, కంటికి ఆనకుండా మనిషి లోపలికి పోయేది మరొకటి ఉంది. అది పలుగురాయి దుమ్ము.

ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి పట్టణాల్లో పలుగు జాతికే చెందిన చెకుముకిరాయిని పొడిగా దంచేవాళ్లు ఊపిరితిత్తులు చెడి చనిపోతుంటే, ఆ రాయిని నీళ్లలో నూరే పద్ధతికి 1726లో థామస్ బెన్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అంటే విరుగుడు నీళ్లేనని ఈ పరిశ్రమకు మూడు వందల ఏళ్ల కిందటే తెలుసు. అయినా ఇవాళ్టికీ షిఫ్టు అయిపోగానే చీపురు పట్టుకుని నేలంతా పొడిగా ఊడ్చే ఫ్యాక్టరీలు మన దేశంలో ఉన్నాయి. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఆ నీళ్ల సంగతి నుంచే పుట్టాయి.

దుమ్ము ఎందుకంత చెడ్డది

కమోడ్ ముద్దలో ఉండేవి నాలుగు: చైనా క్లే అనే తెల్ల సుద్దమట్టి, బాల్ క్లే అనే జిగురు మట్టి, పలుగురాయి పొడి, ఫెల్‌స్పార్. మట్టి ఆకారం నిలబెడుతుంది, ఫెల్‌స్పార్ కరిగి గాజులా పట్టుకుంటుంది, పలుగు ఎముకలా గట్టిదనం ఇస్తుంది. ఈ సరుకులో మన వాటా తక్కువేమీ కాదు. ద్వారకా తిరుమల చుట్టుపక్కల బాల్ క్లే తవ్వుతారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో పలుగు, ఫెల్‌స్పార్ గనులున్నాయి. బీబీనగర్‌లో శానిటరీవేర్ ఫ్యాక్టరీ ఉంది. సిరామిక్ టెక్నాలజీలో డిప్లొమా చదువుకోవడానికి గూడూరులో ప్రభుత్వ విద్యాసంస్థ ఉంది. దేశం మొత్తం మీద చూస్తే ఈ పని పెద్ద ఎత్తున జరిగేది గుజరాత్‌లోని మోర్బీ, థాన్‌గఢ్ ప్రాంతాల్లో. థాన్‌గఢ్ కార్మికులకు ఈ దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మీద వడోదరలోని పీపుల్స్ ట్రైనింగ్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఏళ్ల తరబడి పని చేస్తోంది.

పలుగు అంటే సిలికా. కంటికి కనపడే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. తుమ్మితేనో దగ్గితేనో బయటికొస్తుంది. మిల్లీమీటరులో నూరోవంతు కన్నా సన్నటి రేణువు మాత్రం ఊపిరితిత్తుల అట్టడుక్కి దిగి అక్కడే ఉండిపోతుంది. శరీరం దాన్ని అరిగించుకోలేక చుట్టూ మచ్చలు కట్టుకుంటూ పోతుంది. అదే సిలికోసిస్. మామూలుగా పదేళ్లో ఇరవయ్యేళ్లో పట్టే ఈ జబ్బు, దుమ్ము మరీ దట్టంగా ఉన్నచోట కొద్ది ఏళ్లలోనే బయటపడుతుంది. వచ్చాక తగ్గించే మందు లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా ఈ దుమ్ము కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.

గాలిలో ఎంత దుమ్ము ఉండవచ్చో లెక్క ఉంది. మన ఫ్యాక్టరీల చట్టం చెప్పిన సూత్రం ప్రకారం, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్న దుమ్ములో పలుగు ఎంత శాతమో చూసి, దానికి రెండు కలిపి, ఆ మొత్తంతో పదిని భాగించాలి. పలుగు 20 శాతం అయితే 10ని 22తో భాగిస్తే ఘనమీటరు గాలికి 0.45 మిల్లీగ్రాము వస్తుంది. అమెరికా 2016లో పెట్టిన హద్దు ఇంకా కఠినం: ఒక్క సిలికానే లెక్కగట్టి 0.05 మిల్లీగ్రాము. ఇంత తక్కువ దుమ్ము కంటికి ఆనదు. కాబట్టి "గాలి శుభ్రంగానే కనిపిస్తోంది కదా" అన్న మాటను ఫ్యాక్టరీలో ఎవరు అన్నా నమ్మకండి. చీకటి పడ్డాక ఒక గట్టి ఫోకస్ లైటును పనిచేసే బల్లకు ఎదురుగా పెట్టి, ఆ వెలుగు ధారను పక్క నుంచి చూడండి. పొద్దున పూట కిటికీ ఎండలో కనిపించినట్టు రేణువులు తేలుతూ కనిపిస్తాయి. ఈ పరీక్షకు ఖర్చు లేదు; సూపర్‌వైజర్‌ను పిలిచి చూపిస్తే వాదన కూడా అక్కర్లేదు.

బాల్ మిల్లు దగ్గర

పలుగు, ఫెల్‌స్పార్ పొడులు ఈ మిల్లుకు, అంటే ముడిసరుకును నీళ్లతో నూరే తిరుగుడు పీపాకు, బస్తాల్లో వస్తాయి. వాటిని కత్తితో చీల్చి పైనుంచి గుమ్మరించడం ఈ విభాగంలో అన్నిటికన్నా దుమ్ము రేపే పని. బస్తా నోరు మిల్లు తొట్టికి ఆనించి నెమ్మదిగా వంచండి. తొట్టి దగ్గర దుమ్ము లాగే గొట్టం ఆన్‌లో ఉందో లేదో ముందే చూడండి. ఖాళీ బస్తాలను దులపకండి, చుట్టచుట్టి నొక్కకండి. నొక్కితే లోపలున్న దుమ్మంతా మొహం మీదికే ఎగుస్తుంది. నీళ్లు చల్లి మడత పెట్టండి. ఒక్కసారి మిల్లులో నీళ్లతో కలిసిందా, తడిగా ఉన్నంతసేపు పలుగు వల్ల భయం లేదు.

అక్కడి నుంచి భయం యంత్రంతో. తిరిగే మిల్లు చుట్టూ కటకటాలు ఉండాలి. అవి తీసేసి పనిచేయించే చోట మీరు పనిచేయకండి. లోపలి లైనింగ్ బాగుచేయడానికో, నూరే గుండ్లు మార్చడానికో మనిషి దిగాల్సి వస్తే స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు. మెయిన్ తీసి దానికి తాళం వేయాలి, ఆ తాళంచెవి దిగేవాడి జేబులోనే ఉండాలి. ఇద్దరు దిగితే రెండు తాళాలు. "నేను చూస్తుంటాలే" అని బయట నిలబడ్డ మిత్రుడు టీకి వెళ్లకుండా ఉంటాడన్న హామీ ఎవరిస్తారు? ఇంకో సంగతి కొత్తవాళ్లకు తెలియదు. గంటల తరబడి తిరిగిన మిల్లు లోపల వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది. మూత బోల్టులన్నీ ఒక్కసారిగా విప్పితే వేడి స్లిప్, అంటే మట్టి జావ, మొహం మీదికి చిమ్ముతుంది. ముందు గాలి వదిలే కాక్ తిప్పి, ఒత్తిడి దిగాక, ఒక పక్కకు నిలబడి విప్పండి.

ముద్దను పలచన చేసేందుకు సోడియం సిలికేట్ వేస్తారు. అది క్షారం; కంట్లో పడితే కన్ను పోయే ప్రమాదం ఉంది. అద్దాలు పెట్టుకోండి, పడితే కనీసం పావుగంట సేపు ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. మట్టిలోని లవణాలను విరవడానికి కొన్నిచోట్ల బేరియం కార్బనేట్ వాడతారు. చూడ్డానికి అదీ మిగతా పొడుల్లాగే తెల్లగా ఉంటుంది, కడుపులోకి పోతే విషం. ఒకప్పుడు ఎలుకల మందుగా వాడినదే. దాని డబ్బా మీద పేరు తెలుగులోనో, హిందీలోనో, పనివాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. ఆ చేతులతో అన్నం డబ్బా విప్పకండి, బీడీ ముట్టించకండి.

స్లిప్ నిలవచేసే గోతుల మీద ఇనుప జాలీ ఉండాలి. అడుగున పేరుకున్న బురద కుళ్లి విషవాయువు పట్టి ఉండవచ్చు. మ్యాన్‌హోల్‌లోకి దిగి ఒకరు, అతన్ని కాపాడబోయి ఇంకొకరు పోయిన వార్తలు మన పేపర్లలో చదువుతూనే ఉంటాం. స్లిప్ గొయ్యి, మురుగు సంపు కూడా అలాంటివే. గాలి పరీక్ష చేయకుండా, నడుముకు తాడు లేకుండా, పైన మనిషి లేకుండా దిగకండి. లోపల ఒకరు పడిపోతే వెంటనే దూకకండి.

మోల్డులు, ప్లాస్టర్

కాస్టింగ్ షాపులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మోల్డులు వరుసగా పరచి ఉంటాయి. స్లిప్ పోస్తే ప్లాస్టర్ నీటిని పీల్చుకుని, గోడకు మందంగా పొర కడుతుంది. మిగిలిన స్లిప్ ఒంపేస్తారు. వినడానికి తేలిక. మోల్డు ముక్కలు మాత్రం బరువు, నీటితో నిండాక మరీ బరువు. తడి కమోడ్ 30 కిలోలు దాటడం మామూలే. నడుము వంచి ఒంటరిగా ఎత్తకండి. ఇద్దరు కలిసి, మోకాళ్లు వంచి, ముక్కను ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తండి. గొలుసు కప్పీ ఉంటే అలవాటు చేసుకోండి. కాస్టింగ్ వాళ్లలో నడుం నొప్పి లేనివాడిని వెతకాల్సిందే, అది "వయసు వల్ల" అని యాజమాన్యం చెప్పే మాట అబద్ధం.

మోల్డులు ఆరేందుకు ఆ షెడ్డును వెచ్చగా ఉంచుతారు. మే నెలలో అక్కడ ఎనిమిది గంటలు నిలబడడం చిన్న విషయం కాదు. దాహం వేసేదాకా ఆగకుండా గంటకోసారి నీళ్లో, ఉప్పేసిన మజ్జిగో తాగండి. తల తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడడం కనిపిస్తే ఆ మనిషిని నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. "కాసేపు పడుకోబెడితే సర్దుకుంటాడు" అనుకోకండి.

మోల్డు షాపులో ప్లాస్టర్‌ను చేత్తో కలిపే అలవాటు ఉంది, అది మానాలి. పొడిలో నీళ్లు పడ్డాక గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది, పెద్ద ముద్ద 60 డిగ్రీలు దాటుతుంది. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో 2007లో ఒక బడిపిల్ల తన చేతుల అచ్చు తీసుకోవాలని బకెట్టు ప్లాస్టర్‌లో రెండు చేతులూ పెట్టింది. అది బిగుసుకుపోయింది, చేతులు బయటికి రాలేదు. చివరకు ఆ అమ్మాయి వేళ్లు దాదాపు అన్నీ పోయాయి. కలపడానికి కర్ర, మిషను ఉండగా చెయ్యి ఎందుకు?

మోల్డు నుంచి ముక్క అంటుకోకుండా ఊడాలని కొందరు టాల్క్ పొడి చల్లుతారు. మూటగట్టి టపటపా కొట్టే పద్ధతి దుమ్ము రేపుతుంది, నెమ్మదిగా బ్రష్‌తో అద్దండి. నేల మీద కారిన స్లిప్‌ను ఆరనివ్వకండి. ఎండిన స్లిప్‌ను వందమంది తొక్కి పొడి చేస్తారు, ఆ పొడి మళ్లీ గాలిలోకే లేస్తుంది. కారిన వెంటనే గొట్టంతో కడిగేయండి. అయితే నీళ్లతో ఒక చిక్కు ఉంది: నేల జారుతుంది, కరెంటు వైర్లు తడుస్తాయి. గమ్‌బూట్లు వేసుకోండి, వైర్లను నేల మీద పరచనివ్వకండి, లీకేజీ పట్టి వెంటనే కరెంటు తెంపే బ్రేకర్ లేని బోర్డు నుంచి లైటుగానీ మోటారుగానీ నడపకండి.

ఫెట్లింగ్

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. మోల్డు నుంచి తీసిన పచ్చి ముక్కకు అతుకుల గీతలు ఉంటాయి, అంచులు గరుకుగా ఉంటాయి. వాటిని గీకి, రాకి, నునుపు చేసే పనిని ఫెట్లింగ్ అంటారు. ఇది మోల్డు నుంచి దిగిన రోజే తడి స్పాంజితో చేస్తే రాలేది బురద. ముక్క పూర్తిగా ఆరాక ఉప్పుకాగితంతోనో, స్టీలు పీచుతోనో రుద్దితే రాలేది దుమ్ము, అదీ ముక్కుకు జానెడు దూరంలో. ఒకే పని, ఒకే మనిషి, ఒకే జీతం. తేడా ఎప్పుడు చేశామన్నదే. నా అభిప్రాయంలో ఈ పరిశ్రమలో ఫ్యాక్టరీ మంచిదో చెడ్డదో తేల్చడానికి ఆఫీసు గోడ మీది సర్టిఫికెట్లు చూడక్కర్లేదు, పొడి ఫెట్లింగ్ ఎంత జరుగుతోందో చూస్తే చాలు.

చేయవలసినవి:

ముక్క చేతికి చల్లగా తగులుతున్నంతసేపే గీకే పనంతా ముగించండి. ఆ చల్లదనం లోపల ఇంకా నీరుందని చెప్పే గుర్తు.

ఆరాక తప్పనిసరిగా దిద్దాల్సివస్తే గాలి లాగే హుడ్ ఉన్న బల్ల దగ్గరే చేయండి. ముక్కను హుడ్‌కు అడుగు దూరంలోపు పెట్టండి. హుడ్ నిజంగా లాగుతోందా? అగరుబత్తి వెలిగించి పట్టుకోండి. పొగ లోపలికి పోకుండా పైకి లేస్తుంటే ఫిల్టరు మూసుకుపోయింది, ఆ రోజు అక్కడ పని మొదలుపెట్టకండి. (పగుళ్లు పట్టడానికి పచ్చి ముక్క మీద కిరోసిన్ పూస్తారు గనక, అగరుబత్తి పరీక్ష ఆ బల్లకు దూరంగా చేయాలి.)

మాస్కు అంటే బీఐఎస్ ఐఎస్ 9473 గుర్తున్న ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం, లేదా ఎన్95. రెండు పట్టీలూ తగిలించండి, ముక్కు దగ్గర రేకు నొక్కండి. గడ్డం పెరిగితే పక్కల నుంచి గాలి దూరుతుంది, షేవింగ్ చేసుకుని రండి.

షిఫ్టు చివర బల్లలు తడి గుడ్డతో తుడవండి, నేల కడగండి. కడగలేని మూలలకు హెపా ఫిల్టరు ఉన్న వ్యాక్యూమ్ వాడండి.

చేయకూడనివి:

చీపురు. పొడి చీపురు ఈ షాపులో కనపడకూడదు, అంతే.

గాలి గొట్టంతో బట్టలు, జుట్టు దులుపుకోకండి. సాయంత్రం పూట అందరూ చేసే పని ఇదే, షిఫ్టంతా పీల్చిన దానికన్నా ఆ రెండు నిమిషాల్లో పీల్చేది ఎక్కువ కావచ్చు. పైగా అంత ఒత్తిడిలో గాలి కంటికో చెవికో తగిలితే దెబ్బ.

తువ్వాలు కట్టుకుని, జేబురుమాలు కట్టుకుని ధైర్యంగా ఉండకండి. వాటి నేతలోంచి ఆ రేణువు సులువుగా దూరుతుంది. కరోనా రోజుల్లో వాడిన పలుచని నీలం మాస్కు కూడా ఇక్కడ పనికిరాదు.

దుమ్ము బట్టలతో ఇంటికి పోకండి. ఇంట్లో దులిపి ఉతికే ఇల్లాలు, ఆ పక్కనే ఆడుకునే పిల్లలు ఫ్యాక్టరీ జీతం తీసుకోరు గదా. బట్టలు ఫ్యాక్టరీలోనే మార్చుకుని ఉతికించే ఏర్పాటు అడగండి. అది లేనిచోట కనీసం దులపకుండా ముందు బకెట్టు నీళ్లలో నానబెట్టండి.

యజమానులకు ఒక మాట. మాస్కు ఆఖరి అస్త్రం, మొదటిది కాదు. ఎండలో, చెమటలో ఎనిమిది గంటలు బిగుతు మాస్కు పెట్టుకోవడం ఎంత కష్టమో ఒక పూట మీరే ప్రయత్నించండి. తడి పద్ధతికి మారడం, హుడ్ బిగించడం మీ పని. మాస్కు జారిందని కార్మికుడికి జరిమానా వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

గ్లేజు

ఆరిన ముక్క మీద తెల్లని గ్లేజును స్ప్రే గన్‌తో కొడతారు. ఫెల్‌స్పార్, పలుగు, జిర్కాన్, సున్నపురాయి, జింక్ ఆక్సైడ్ వంటివి నీళ్లలో కలిపిన ద్రావణం అది. తడిగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ గాలిలో తేలే తుంపర క్షణంలో ఆరి దుమ్మవుతుంది. కాబట్టి నీటి తెర ఉన్న స్ప్రే బూత్‌లోనే కొట్టండి, గన్ మొహం ఎప్పుడూ బూత్ లోపలికే ఉండాలి. గ్లేజు కొట్టేముందు ముక్క మీది దుమ్మును గాలితో ఊదడం చాలాచోట్ల ఆనవాయితీ. దాన్ని కూడా బూత్ లోపలే చేయాలి, తడి స్పాంజితో తుడిస్తే ఇంకా మేలు. రోబో గ్లేజింగ్ ఉన్న పెద్ద ఫ్యాక్టరీల్లో కంచె తలుపు తీసి లోపలికి పోకండి. ఆగి ఉన్న రోబో ఆగిపోయిందని కాదు, తన వంతు కోసం చూస్తోందని అర్థం.

రంగుల గ్లేజుల్లో కొన్నిటిలో క్రోమియం, కాడ్మియం వంటి లోహాలు ఉంటాయి. రంగు పొడిని కలిపేవాడికి చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి.

బట్టీ

మొదట భయపెట్టే బట్టీకి చివరలో వచ్చాం. టన్నెల్ కిల్న్ సొరంగంలా ఉంటుంది. సరుకు పేర్చిన బళ్లు, అంటే కిల్న్ కార్లు, ఒక చివర నుంచి మరో చివరకు మెల్లగా జరుగుతాయి. మొత్తం ప్రయాణం చాలా కిల్న్‌లలో 12 నుంచి 24 గంటలు. కాలేటప్పుడు ముక్క పదోవంతు దాకా కుంచించుకుపోతుంది.

ఆరని ముక్కను లోపలికి పంపకండి. మిగిలిన నీరు ఆవిరై ముక్క పేలుతుంది, పక్క బండి సరుకునూ పాడుచేస్తుంది. బళ్లను నెట్టే హైడ్రాలిక్ పుషర్‌కూ బండికీ మధ్య, ఒక పట్టాల నుంచి మరో పట్టాలకు మార్చే ట్రాన్స్‌ఫర్ కారుకూ గోడకూ మధ్య కాళ్లు, చేతులు నలిగే చోట్లు ఉంటాయి. బండి కదులుతుండగా వంకరైన అరను సర్దబోకండి, ఆపి సర్దండి.

గ్యాసు బర్నర్ ఆరిపోతే ఆదరాబాదరాగా మళ్లీ వెలిగించకండి. ముందు గ్యాసు వాల్వు మూయాలి. తర్వాత ఫ్యానుతో లోపలి గాలిని పలుమార్లు పూర్తిగా మార్చాలి. ఆ తర్వాతే పైలట్ వెలిగించాలి. పేరుకున్న గ్యాసుకు వేడి ఇటుకే అగ్గిపుల్ల అవుతుంది. మంట ఆరగానే తనంతట తాను వాల్వు మూసే పరికరం పదేపదే పడిపోతోందని వైరు కట్టి తెరిచి ఉంచేవాళ్లు ఉన్నారు. అది చేతులారా బాంబు పెట్టుకోవడమే.

బొగ్గు గ్యాసు వాడే చోట కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే వెంటనే బయటి గాలిలోకి రండి, వెనక్కి తిరిగి చెప్పులు తెచ్చుకోవడానికి కూడా వెళ్లకండి. మోర్బీ ప్రాంతంలోని బొగ్గు గ్యాసిఫైర్లను కాలుష్యం కారణంగా మూసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మార్చిలో ఆదేశించింది. బొగ్గు గ్యాసుకు బదులు వాసన కలిపిన పైపు గ్యాసు వాడితే కార్మికుడికీ మేలే, లీకైతే ముక్కుకు తెలుస్తుంది.

మంట ఎలా ఉందో చూసే రంధ్రంలోకి మామూలు కళ్లతో తొంగిచూడకండి, ఆ వెలుగు ఏళ్ల మీద కంటికి శుక్లం తెస్తుంది. ముదురు రంగు కిల్న్ అద్దాలు వాడండి. మరమ్మతుకు కిల్న్ ఆపినప్పుడు చల్లారిందని చేత్తో చూసి తేల్చుకోకండి, థర్మామీటరు నమ్మండి. లోపల పరచిన సిరామిక్ ఫైబర్ దుప్పటి కొత్తలో మెత్తగా ఉంటుంది. ఏళ్లు కాలాక పెళుసెక్కి, అందులో క్రిస్టోబలైట్ అనే సిలికా రూపం పుడుతుంది. దాన్ని పీకేటప్పుడు ముందు తడపండి, మంచి మాస్కు, ఒంటినిండా కప్పే సూటు వేసుకోండి. ఈ పనికి ఎక్కువగా కాంట్రాక్టు కూలీలనే దించుతారు, వాళ్లకే ఏమీ చెప్పరు.

బయటికొచ్చిన సరుకు

కిల్న్ దాటిన ముక్క చల్లబడేటప్పుడు సన్నని చీలిక పడవచ్చు. పలుగు 573 డిగ్రీల దగ్గర తన రూపం మార్చుకుంటుంది, అక్కడ వేగంగా చల్లార్చితే లోపల బిగువు పడుతుంది. అందుకే తనిఖీ చేసేవాళ్లు ముక్కను తట్టి వింటారు. కుండ కొనేటప్పుడు మన ఇళ్లలో చేసినట్టే, ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే చీలిక ఉన్నట్టు. బిగువు పట్టిన ముక్క చేతిలోనే విచ్చుకోవచ్చు. విరిగిన సిరామిక్ అంచు గాజులా పదును, నరాల దాకా దిగుతుంది. కోత తగలని తొడుగులు, అద్దాలు లేకుండా కిల్న్ బయట పనిచేయకండి. విరిగిన ముక్కలను గోనెసంచిలో కాక గట్టి డబ్బాలో వేయండి. లోపాలున్న ముక్కను రాకి, గ్లేజు పూసి మళ్లీ కాల్చే చోట రాకుడు పొడిగా జరుగుతుంది, అక్కడా హుడ్, మాస్కు నియమాలే వర్తిస్తాయి.

ఇంట్లో వాడేవాళ్లకు ఇందులో రెండే ముక్కలు. "సెకండ్స్" పేరుతో చవగ్గా వచ్చే కమోడ్, బేసిన్ కొనేటప్పుడు తట్టి వినండి, గీత కనపడితే వదిలేయండి. వెస్ట్రన్ కమోడ్ అంచు మీద కాళ్లు పెట్టి గొంతుక్కూర్చోకండి. అది కూర్చున్న మనిషి బరువును మోయడానికి తయారైంది. అంచు విరిగితే తొడలో దిగే కోత ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టరు, కాగితాలు

పనిలో చేరేరోజే ఛాతీ ఎక్స్‌రే తీయించమని అడగండి. తర్వాత ఏటేటా ఎక్స్‌రే, ఊదించి చూసే స్పైరోమెట్రీ పరీక్ష జరగాలి. రిపోర్టు నకలు ఆఫీసు ఫైలులో ఉంటే చాలదు, మీ ఇంట్లో ఉండాలి. ఫ్యాక్టరీలు మూతపడతాయి, కాంట్రాక్టర్లు మారతారు, జబ్బు పదిహేనేళ్లకు బయటపడుతుంది. అప్పుడు మీరు అక్కడ పనిచేశారని నిరూపించేది ఐడీ కార్డు, జీతం చీటీ, పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ కార్డు మాత్రమే. కాంట్రాక్టరు కింద పనిచేసినా వాటిని అడిగి తీసుకోండి.

సిలికోసిస్ లక్షణాలు టీబీని పోలి ఉంటాయి: ఆయాసం, తెగని దగ్గు, బరువు తగ్గడం. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ సోకే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ, రెండూ కలిసి ఉండటమూ మామూలే. డాక్టరు "ఏం పని చేస్తావు?" అని అడగకపోతే మీరే చెప్పండి: "పలుగు దుమ్ములో ఇన్నేళ్లు పనిచేశాను" అని. ఆ ఒక్క వాక్యం లేకపోతే కోర్సు మీద కోర్సు టీబీ మందులు మింగుతూ పోవాల్సివస్తుంది. టీబీ ఉన్నట్టు కఫం పరీక్షలో తేలితే మాత్రం మందులు మధ్యలో ఆపకండి. బీడీ, సిగరెట్టు మానండి. మచ్చలు పడిన ఊపిరితిత్తి మీద పొగ ఇంకో బరువు.

సిలికోసిస్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో ఉంది, 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. ఈఎస్‌ఐ పథకం కింద అది వృత్తి వ్యాధి. అంటే పని చేస్తూ చెయ్యి పోగొట్టుకున్నవాడికి ఎలాగో, ఊపిరి పోగొట్టుకున్నవాడికీ అలాగే పరిహారం అడిగే హక్కు ఉంది. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, జబ్బు ఉన్నట్టు ధ్రువీకరించిన కార్మికుడికి 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు ఇస్తోంది. పలుగు తవ్వి, దంచి, పోత పోసే మన రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక సంఘాలు అలాంటి విధానం కోసం గట్టిగా అడగాలి. అప్పటిదాకా, మీరు గానీ మీ ఇంట్లోవాళ్లు గానీ ఈ పనిలో ఉంటే, ఈ నెలలోనే ఒక ఎక్స్‌రే తీయించి ఆ ఫిల్మును భద్రంగా దాచండి.